పాత సీడ్ డ్రిల్‌తో రాగి విత్తనం: హోస్కోట నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

మాది బెంగళూరు దగ్గర హోస్కోట పక్క. 45 హెచ్‌పీ ట్రాక్టర్ ఒకటి, కొంచెం సొంత భూమి, మిగతాదంతా బాడుగ పని. ఇక్కడ వానాకాలం అంటే రాగే. ఎద్దులు తగ్గిపోయాయి, గొర్రు (ఎద్దులతో విత్తే పనిముట్టు) వెనక నడుస్తూ జడ్డిగంలో (గింజ పోసే గిన్నెలో) సమంగా గింజ వదిలే చేతులు అంతకంటే తగ్గిపోయాయి, అందుకని ట్రాక్టర్‌తో దున్నించిన పొలంలో కూడా విత్తనం చేత్తో చల్లేస్తున్నారు. సాలుగా విత్తితే హెక్టారుకి 10 కిలోలు, అంటే ఎకరాకి 4 కిలోలు చాలు. చల్లితే దానికి రెట్టింపు పైనే పోతుంది, తర్వాత కలుపు తీయడానికి సాలు అనేదే ఉండదు.

అందుకే పాత సీడ్ డ్రిల్‌ను (ట్రాక్టర్ వెనక తగిలించి సాళ్లలో విత్తనం వేసే యంత్రం) రాగికి పనికొచ్చేలా మార్చాను. ఈ పని చేయాలనుకునేవాళ్లు నేరుగా కొలతలు తీసుకుని మొదలుపెట్టాలని ఇది రాస్తున్నాను. ఏది పని చేయలేదో దాని గురించే ఎక్కువ రాశాను, డబ్బులు పోయేది అక్కడే కాబట్టి.

దశ 0: ఏది కొనాలి, ఏది వద్దు

బాడుగకు తిప్పేవాళ్లంతా ముందు చూసేది రోటవేటర్, అంటే తిరిగే బ్లేడ్లతో మట్టిని చిలికే యంత్రం. 6 అడుగులది, 42 బ్లేడ్లు, గంట లెక్కన డబ్బులు వస్తాయి. కాదనను. కానీ మన ఎర్ర నేలను రోటవేటర్‌తో పిండి చేసి రాగి విత్తితే, తర్వాత ఒక గట్టి వాన పడి ఎండ కాయగానే పైన పెచ్చు కడుతుంది, ఆ పెచ్చును రాగి మొలక చీల్చుకుని రాలేదు. రాగి కోసమైతే రెండు సార్లు కల్టివేటర్, పైన ఒకసారి గుంటక, అంతే చేయండి.

కొత్త ట్రాక్టర్ అవసరమా అని కొందరు అడిగారు. ఈ డ్రిల్ లాగడానికి 35 హెచ్‌పీ చాలు. 50 హెచ్‌పీ దాటితే 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 (పొగ కాలుష్యం తగ్గించే ప్రమాణం) ఇంజన్ తప్పనిసరి, దానికి తగ్గట్టే ధర. కొనాల్సిందే అనుకుంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, టైర్లు, స్పేర్‌లు కూడా 18 నుంచి 5కి వచ్చాయి. కొటేషన్‌లో ఆ లెక్క సరిగ్గా వేశారో లేదో చూసుకోండి. కొత్త డ్రిల్‌కి సబ్సిడీ కావాలంటే రైతు సంపర్క కేంద్రంలో అడగండి, అయితే భూమి కాగితాలు మీ పేరున ఉండాలి.

గాలితో గింజను పట్టే న్యూమాటిక్ ప్లాంటర్ మొక్కజొన్నకు బాగుంటుంది, రాగికి ఆ ఖర్చు దండగ.

నేను తీసుకున్నది 9 సాళ్ల పాత సీడ్ కమ్ ఫర్టిలైజర్ డ్రిల్, విత్తనం, ఎరువు రెండూ వేసేది. ఒక రైతు వేరుశనగకి వాడి పక్కన పెట్టేసింది. ఫ్రేమ్ వంకర లేదు, ట్రాక్టర్‌కి తగిలించే కింది పిన్‌లు 28 మిల్లీమీటర్లవి, నా ట్రాక్టర్‌కి సరిపోయాయి. ఎరువు పెట్టె అడుగున కొంచెం తుప్పు ఉంది.

ఇందులో ఒక కొలత బాగా కలిసొచ్చింది. 9 సాళ్లు 22.5 సెంటీమీటర్ల ఎడంలో ఉంటే మొదటి కర్రు (నేలను చీల్చే పన్ను) నుంచి చివరి కర్రుకి 180 సెంటీమీటర్లు. రాగికి కావాల్సిన 30 సెంటీమీటర్ల ఎడంలో 7 సాళ్లు పెట్టినా అదే 180. అంటే రెండు కొసల కర్రులు, నడిమి కర్రు కదపక్కర్లేదు, రెండు తీసేసి మిగతావి జరిపితే చాలు. తీసేసిన ఆ రెండూ పారేయకండి, దశ 4లో కావాలి.

ఇప్పటిదాకా ఖర్చు: రూ. 22,000

దశ 1: గుంట లెక్క

పొలంలోకి దిగకముందే గింజ ఎంత పడుతోందో తెలియాలి. దానికి ఎకరం అక్కర్లేదు, ఒక గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) చాలు.

1. ఒక సాలుకి 30 సెంటీమీటర్లు, 7 సాళ్లు, మొత్తం వెడల్పు 2.1 మీటర్లు.
2. గుంట అంటే 101 చదరపు మీటర్లు. 2.1తో భాగిస్తే 48.2 మీటర్ల పొడవు.
3. నేల మీద దొర్లుతూ నా డ్రిల్‌లో గింజ వదిలే రోలర్లను తిప్పే నేల చక్రం చుట్టుకొలత 1.2 మీటర్లు. 48.2 మీటర్లకి 40 చుట్లు.
4. ఎకరాకి 40 గుంటలు, 4 కిలోలు. గుంటకి 100 గ్రాములు.

అంటే డ్రిల్‌ని దిమ్మెల మీద ఎత్తి పెట్టి, చక్రాన్ని చేత్తో 40 చుట్లు తిప్పితే ఏడు ట్యూబుల్లో కలిపి 100 గ్రాములు పడాలి. ఒక్కో దానిలో 14.3 గ్రాములు. మీ చక్రం కొలత వేరైతే చుట్ల సంఖ్య మారుతుంది, దారం చుట్టి కొలవండి.

నగల షాపు వాళ్లు వాడే రకం చిన్న డిజిటల్ తూకం తీసుకున్నాను, 0.1 గ్రాము చూపించేది. వంటింటి తూకంతో ఈ పని జరగదు.

ఇప్పటిదాకా: రూ. 22,450

దశ 2: గింజను కొలిచే రోలర్

పని మొత్తంలో సగం ఇదే. తొందరపడొద్దు.

డ్రిల్‌తో వచ్చిన గాడుల రోలర్లు వేరుశనగ, మొక్కజొన్న సైజుకి చేసినవి. రాగి గింజ వెర్నియర్‌తో కొలిస్తే 1.3 నుంచి 1.7 మిల్లీమీటర్లు, వెయ్యి గింజలు తూస్తే దాదాపు 3 గ్రాములు. ఆ గాడుల్లో రాగి పోస్తే నీళ్లలా జారిపోతుంది. రోలర్ తెరుచుకునే మేర 5 మిల్లీమీటర్లకు తగ్గించి 40 చుట్లు తిప్పితే 480 గ్రాములు పడ్డాయి, ఎకరాకి 19 కిలోలు. ఇంకా మూస్తే కొన్ని సాళ్లకు 3 గ్రాములు, కొన్నింటికి 31. చక్రం అసలు తిప్పకుండా పెట్టెను కర్రతో ఒక నిమిషం తట్టి చూశాను, 22 గ్రాములు దానంతటదే కారింది. పొలంలో కుదుపులకి జరిగేదీ ఇదే.

చాలామంది చెప్పే ఉపాయం ఇసుక కలపడం. జల్లించిన ఇసుక కలిపి చూశాను. గట్టు ఎక్కి దిగేసరికి బరువైన ఇసుక అడుక్కి, రాగి పైకి చేరింది, సాలు మొదట్లో వట్టి ఇసుక, చివర్లో వట్టి రాగి. పైగా రోలర్లు అరుగుతాయి. వేయించిన రాగులు కలిపితే సైజు ఒకటే కాబట్టి విడిపోవు, ఇది నిజంగా పని చేస్తుంది. కానీ లెక్క వేయండి, 19 కిలోలు పడే చోట 4 కిలోలు బతికున్న విత్తనం అంటే 15 కిలోలు వేయించినవి. 2025-26 మద్దతు ధర క్వింటాలుకి రూ. 4,886, ఆ లెక్కన ఎకరాకి రూ. 700 పైన మట్టిలో పోసినట్టు. తినే గింజను అలా పారబోయడం నాకు మనసు ఒప్పలేదు కూడా.

అందుకని గాడుల రోలర్ల బదులు చిన్న గుంతలున్న రోలర్లు చేయించాలనుకున్నాను. బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో లేత్ పని చేసే హిందూపురం అతను ఉన్నాడు. పాత రోలర్ ఒకటి ఇచ్చి అలాంటివి ఏడు కావాలంటే, "అన్నా, ముందు ఒకటే చేయించుకుపో. కుదిరితే ఏడూ చేసిస్తా, కుదరకపోతే ఒకదాని డబ్బులే పోతాయి" అన్నాడు. ఈ మాట గట్టిగా పట్టుకోండి.

లెక్క ఇలా వచ్చింది. చక్రం దగ్గర 14 పళ్ల స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం), రోలర్ దగ్గర 28 పళ్లది, అంటే చక్రం 40 చుట్లు తిరిగితే రోలర్ 20. రోలర్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, రెండు వరసల్లో 18 చొప్పున 36 గుంతలు, ఒక వరస గుంతల మధ్యలోకి రెండో వరస గుంతలు వచ్చేలా.

మొదటి రోలర్: నైలాన్ రాడ్, గుంత 5 మిల్లీమీటర్ల వెడల్పు, 3 లోతు. 33 గ్రాములు పడింది. ఎకరాకి 9 కిలోలు. ఒక్కో గుంతలో పదిహేను దాకా గింజలు పట్టి ఒకే చోట గుప్పగా పడుతున్నాయి.

రెండో రోలర్: గుంత 4 మిల్లీమీటర్ల వెడల్పు, 2 లోతు. గుంతకి ఆరేడు గింజలు. 14 గ్రాములు. కావాల్సింది ఇదే.

కానీ దాన్ని డ్రిల్‌కి బిగించి షెడ్డు బయట వదిలితే, రెండు రోజుల ముసురు తర్వాత రోలర్ కదల్లేదు. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది. రోలర్‌కి, దాని గూటికి మధ్య ఉంచిన సందు 0.3 మిల్లీమీటర్లే, అది పూడుకుపోయింది. అందుకే ఏడు రోలర్లూ డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేయించాను, అది తేమకు ఉబ్బేది చాలా తక్కువ. సందు కూడా 0.5కి పెంచాను. గింజ కనీసం 1.3 ఉంది కాబట్టి ఆ సందులోంచి కారదు, పగిలిన నూక మాత్రం ఇరుక్కుంటుంది, విత్తనం జల్లించే పోయండి.

గుంతపైన మిగులు గింజను తుడవడానికి ముందు సైకిల్ ట్యూబు రబ్బరు ముక్క పెట్టాను. తెల్ల గుడ్డ మీద గింజ పట్టి చూస్తే పలుకులు కనిపించాయి, రబ్బరు గింజను నలుపుతోంది. దాని బదులు పెయింట్ బ్రష్ కుచ్చు కత్తిరించి బిగించాను. పలుకులు పోయాయి.

జీపీయూ-28 అనే రాగి రకం విత్తనంతో, 40 చుట్లకి ఏడు సాళ్ల తూకం గ్రాముల్లో: 13.6, 14.4, 13.9, 14.8, 14.1, 13.8, 14.5. మొత్తం 99.1. పెట్టెను తట్టితే ఒక్క గింజ కారలేదు.

రోలర్లు, బ్రష్‌లు కలిపి రూ. 3,750. ఇప్పటిదాకా: రూ. 26,200

దశ 3: ట్యూబులు

డ్రిల్‌తో వచ్చినవి ముడతల ట్యూబులు. ప్రతి ముడతలో రాగి గింజ కూర్చుంటుంది, కుదుపుకి ఒక్కసారిగా జారుతుంది. 20 మిల్లీమీటర్ల నున్నటి, లోపల కనిపించే పీవీసీ పైపు వేశాను. డ్రైవర్ సీటు నుంచి వెనక్కి తిరిగి చూస్తే గింజ పడుతోందో లేదో తెలుస్తుంది.

కొసల సాళ్ల ట్యూబులు బాగా ఏటవాలుగా ఉండి గింజ ఆలస్యంగా పడుతోంది, ప్రతి మలుపు దగ్గర ఆ రెండు సాళ్లలో అడుగున్నర ఖాళీ. పెట్టెను యాంగిల్ ముక్కల మీద 15 సెంటీమీటర్లు పైకి లేపితే పోయింది. చైన్ పొడవు పెంచాల్సి వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇప్పటిదాకా: రూ. 27,670

దశ 4: లోతు

మా పక్క పొలం పెద్దాయన గొర్రుతో విత్తినవాడు. డ్రిల్ కర్రులు చూడగానే, "వేలి గణుపు దాటి లోతుకి పోతే రాగి రాదు నాయనా, ఇవి జానెడు దిగతా ఉండాయే" అన్నాడు. గణుపు అంటే రెండున్నర సెంటీమీటర్లు. ఆయన చెప్పింది, పుస్తకాల్లో ఉండే 2 నుంచి 3 సెంటీమీటర్లు ఒకటే.

మొదటి పరీక్ష సొంత పొలం చివర ఒక చిన్న ముక్కలో. మొలిచినవి పదింటిని పెళ్లగించి, గింజ నుంచి పచ్చదనం మొదలయ్యే దాకా ఉన్న తెల్ల కాడను స్కేలుతో కొలిచాను. ఐదున్నర నుంచి ఏడు సెంటీమీటర్లు. చాలా చోట్ల మొలకే రాలేదు, తవ్వితే మట్టి లోపలే వంకర తిరిగి పసుపుపచ్చగా ఉన్నాయి.

కర్రును పైకి లేపి విత్తితే పరిష్కారం అనుకోవచ్చు. అప్పుడు ఎరువు కూడా పైనే, గింజతో కలిసి పడుతుంది, ఇంత చిన్న గింజ దగ్గర డీఏపీ ఎరువు ఉంటే మొలక మాడుతుంది. అందుకని రెండూ విడదీశాను:

1. కర్రు 6 సెంటీమీటర్ల లోతే ఉంచాను. దాని వెనక ఉన్న పాత గొట్టంలో ఎరువు.
2. ఆ గొట్టానికి వెనక 12 సెంటీమీటర్ల దూరంలో, కింది మూతి 4 సెంటీమీటర్లు ఎత్తులో ఉండేలా ఇంకో ముప్పావు అంగుళం జీఐ గొట్టం వెల్డింగ్. ఇందులో రాగి.
3. రెంటి మధ్య 8 మిల్లీమీటర్ల చువ్వను వి ఆకారంలో వంచి పెట్టాను. తెరుచుకున్న సాలులోకి మట్టిని తోస్తుంది, దాని మీద గింజ పడుతుంది.
4. వెనక పాత ట్రాలీ గొలుసు ముక్క, గింజను కప్పడానికి.

మూడోది మొదట్లో లేదు. పొడి మట్టిలో అవసరం పడలేదు, మట్టి దానంతటదే పూడింది. వాన పడ్డ మర్నాడు తోలితే సాలు తెరుచుకునే ఉండి గింజ నేరుగా ఎరువు మీదికి పోయింది. చువ్వలు పెట్టాక తేడా వెంటనే కనిపించింది. అయినా మట్టి చేతికి అంటుకునేంత తడి ఉంటే ఆగండి, పదును వచ్చాకే దిగండి.

లోతు నిలకడగా ఉండటానికి ఫ్రేమ్ రెండు కొసలకీ ఆనుడు చక్రాలు కావాలి. గుజరీ అంగడిలో (పాత సామాన్ల కొట్టులో) పాత స్కూటర్ చక్రాలు తెచ్చి స్క్రూతో ఎక్కించి దించేలా బిగించాను. హైడ్రాలిక్ లీవర్ మీదే వదిలేస్తే నేల మెత్తగా ఉన్న చోట దిగుతుంది, గట్టిగా ఉన్న చోట తేలుతుంది.

ఇక ట్రాక్టర్ టైర్ల దారి. నాది 13.6-28 టైరు, చక్రాల నడిమి దూరం 135 సెంటీమీటర్లు. లెక్క వేస్తే మధ్య నుంచి 60 సెంటీమీటర్లలో ఉన్న రెండు సాళ్లూ సరిగ్గా టైరు తొక్కిన చోటే వస్తాయి. అక్కడ మట్టి గట్టిపడి గింజ ఒక సెంటీమీటరు లోతులోనే ఆగింది, ఆ రెండు సాళ్లలో చీమలు, పిట్టలు సగం తినేశాయి. దశ 0లో తీసేసిన రెండు కర్రుల్ని ముందు బారుకి, టైర్ల వెనక బిగించాను, అవి గట్టి మట్టిని గుల్ల చేస్తాయి. వెనక టైర్ల గాలి 12 పీఎస్ఐకి తగ్గించాను.

మళ్లీ తెల్ల కాడ కొలత: మామూలు సాళ్లలో 2 నుంచి 3.5, టైరు దారిలో 2 నుంచి 3.

ఇప్పటిదాకా: రూ. 33,120

దశ 5: నేల చక్రం జారుడు

షెడ్డులో 100 గ్రాములు పడితే పొలంలో కూడా అంతే పడుతుందనుకోకూడదు. 48.2 మీటర్లు టేపుతో కొలిచి, చక్రానికి సుద్దతో గుర్తు పెట్టి, పక్కన నడుస్తూ చుట్లు లెక్కపెట్టాలి. 40 రావాలి, మెత్తటి మట్టిలో 36 వచ్చాయి. గింజ, ఎరువు రెండూ పదో వంతు తక్కువ పడ్డట్టు. చక్రం చుట్టూ 25 మిల్లీమీటర్ల మేకులు వెల్డింగ్ చేసి, కిందికి నొక్కడానికి ఒక స్ప్రింగ్ వేశాను. ఇప్పుడు 39. చాలు.

ఇప్పటిదాకా: రూ. 33,670

దశ 6: పొలంలో

‘లో’ గేర్లలో రెండోది, గంటకి మూడున్నర కిలోమీటర్లు. అంతకంటే వేగంగా పోతే గుంతలు నిండవు, గింజ తగ్గుతుంది. కాగితం మీద గంటకి 1.8 ఎకరాలు, కానీ మా వైపు ముక్కలు చిన్నవి, మలుపులు ఎక్కువ, 1.2 ఎకరాలే అయింది. డీజిల్ ఎకరాకి దాదాపు రెండున్నర లీటర్లు.

ఎకరాకి 4 కిలోలు అంటే సాలులో మీటరుకి దాదాపు 100 గింజలు. చివరికి నిలవాల్సింది మీటరుకి 10 మొక్కలు. మొలక సమంగా వచ్చిన చోట ఒత్తు తీయడానికే (ఎక్కువైన మొక్కలు పీకడానికే) కూలీలు పెట్టాల్సి వచ్చింది, విత్తనం మిగిల్చిన లాభం అక్కడ పోతుంది. అందుకని రోలర్ దగ్గర 28 పళ్ల స్ప్రాకెట్ తీసి 42 పళ్లది వేసి సొంత పొలంలో ఒక ముక్క విత్తాను. గుంటకి 67 గ్రాములు, ఎకరాకి 2.7 కిలోలు. మొలిచినవి మీటరుకి 35 నుంచి 45, అర అడుగు మించిన ఖాళీలు అక్కడక్కడా మాత్రమే. ఒత్తు తీసే పని బాగా తగ్గింది.

అయినా బాడుగకు పోయిన చోట నేను 4 కిలోలతోనే మొదలుపెడతాను. పదును సరిగ్గా ఉండి, రెండు మూడు రోజుల్లో గట్టి వాన సూచన లేకపోతేనే రైతుతో మాట్లాడి స్ప్రాకెట్ మారుస్తాను. పెచ్చు కట్టిందంటే ఒత్తుగా ఉన్న మొలకలే కలిసి దాన్ని లేపగలవు, పలచగా ఉంటే మళ్లీ విత్తాల్సిందే, ఆ నష్టం రైతుది.

స్ప్రాకెట్, చైన్ లింకులతో కలిపి ఇప్పటిదాకా: రూ. 34,320

దశ 7: అనుముల సాలు

మొదటి బాడుగ రైతే అడిగాడు, "అన్నా, మధ్యలో అనుములు లేకుండా వట్టి రాగి ఏం చేసుకునేది?" న్యాయమైన ప్రశ్న. రాగిలో అనుములో, కందో సాలు వేయడం ఇక్కడ ఎప్పట్నుంచో ఉన్నదే, చలికాలంలో ఇంటికి కాయలు, పశువులకి మేత.

పాత గాడుల రోలర్లు ఇక్కడ పనికొచ్చాయి. నడిమి సాలు గూటిలో డెల్రిన్ రోలర్ తీసి పాతది వేశాను, పెట్టెలో ఆ గూటికి రెండు వైపులా రేకు అడ్డం పెట్టి అనుములు వేరుగా పోశాను. ఆ ఒక్క సాలుకి మాత్రం పాత 32 మిల్లీమీటర్ల ట్యూబు ఉండాలి, 20 దానిలో అనుములు ఇరుక్కుంటాయి. వెనక జీఐ గొట్టం కూడా సన్నమే, అందుకని ఆ సాలుకి ఎరువు ఆపేసి అనుముల ట్యూబును ముందు గొట్టానికే తగిలించాను. లోతు 5, 6 సెంటీమీటర్లు వస్తుంది, అనుములకి అది ఇబ్బంది కాదు. ఆరు సాళ్లు రాగి, ఒకటి అనుములు. రేకు ముక్క ఇంట్లోదే, కొత్త ఖర్చు లేదు.

మిగిలింది ఎరువు పెట్టె. ముసురు రోజుల్లో డీఏపీ గడ్డ కట్టి గొట్టం మూతి దగ్గర ఆగుతోంది. ప్రస్తుతానికి సాయంత్రం పని అయిపోగానే పెట్టె పూర్తిగా ఖాళీ చేసి, పాత ఆయిల్ గుడ్డతో లోపల తుడుస్తున్నాను. వచ్చే సీజన్‌కి తుప్పు పట్టిన అడుగు రేకు తీసేసి స్టెయిన్‌లెస్ రేకు వేయించాలి, లోపల గడ్డలు విరిచే కడ్డీ ఒకటి రోలర్ షాఫ్టుకే బిగించాలి. కొలతలు అయ్యాక ఇక్కడే దశ 8గా రాస్తాను.